తాకరాదన్న చోటే తాకమంటే

చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ సేకరణలో ముఖం లేని చిత్తరువు ఒకటి ఉంది. ప్రదర్శనకు పెట్టినప్పుడు గది మూలన, రెండు గోడలు కలిసేచోట, మెరిసే రంగు కాగితాల్లో చుట్టిన మిఠాయి బిళ్లలు గుట్టగా పోసి ఉంటాయి. చూడవచ్చినవారు ఒక బిళ్ల తీసుకోవచ్చు, అక్కడే నోట్లో వేసుకోవచ్చు, జేబులో వేసుకుని ఇంటికి తీసుకుపోవచ్చు. కాపలా ఉన్నవాళ్లు అడ్డుచెప్పరు. ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1991లో చేసిన ఈ కృతి ఆయన సహచరుడు రాస్ లేకాక్ చిత్తరువు. రాస్ ఆ సంవత్సరమే ఎయిడ్స్‌తో చనిపోయాడు. గుట్టకు కళాకారుడు పెట్టిన ఆదర్శ బరువు 175 పౌండ్లు, అంటే దాదాపు 79 కిలోలు. ఆరోగ్యంగా ఉన్నప్పటి ఒక మనిషి బరువు అదని చాలామంది అర్థం చేసుకుంటారు.

ఈ సంగతి తెలిశాక చేతిలోని బిళ్ల మునుపటి బిళ్ల కాదు. తీసుకున్న ప్రతిసారీ ఆ గుట్ట కొంత తరుగుతుంది, జబ్బు ఒక దేహాన్ని కొంచెం కొంచెంగా తీసుకుపోయినట్టు. తీసుకోకుండా వెళ్లిపోతే గుట్ట తరగదు, కానీ అలా వెళ్లిపోవడం కూడా ఒక నిర్ణయమే. ఆ రోజుల్లో ఎయిడ్స్ రోగులను ముట్టుకోవడానికే జనం భయపడిన సంగతి గుర్తున్నవారికి ఇది మరీ బాగా అర్థమవుతుంది. అయితే కథ అక్కడితో ఆగదు. బిళ్లలు తరిగిపోతే మ్యూజియం మళ్లీ తెచ్చి పోయవచ్చు. పోయిన మనిషి తిరిగి రాడు గాని, గుట్ట మాత్రం తిరిగి పెరుగుతుంది. గొంజాలెజ్-టోరెస్ కూడా 1996లో, 38 ఏళ్లకే, అదే జబ్బుతో కన్నుమూశాడు. ఆయన రాసిపెట్టిన షరతుల ప్రకారం ఆ గుట్ట ఇప్పటికీ తరుగుతూ నిండుతూ ఉంటుంది.

సందర్శకులను చేయి కలపమని పిలిచే కళ ఎంత దూరం పోగలదో, ఎంత సులువుగా ఖాళీ అయిపోగలదో ఈ ఒక్క గుట్టే చెబుతుంది. 2022లో ఇదే కృతి పక్కన ఉన్న వివరణ పలకలో రాస్ ప్రస్తావన గాని, ఎయిడ్స్ ప్రస్తావన గాని లేకపోవడంపై పెద్ద ఎత్తున నిరసన వచ్చింది. మ్యూజియం ఆ పలకను మార్చి రాసింది. ఆ నిరసన అక్షరాలా న్యాయమైనది. ఎవరి దేహంలో భాగం తీసుకుంటున్నామో తెలియకపోతే అక్కడ జరిగేది ఉచితంగా మిఠాయి పంచడమే. చేతికి పని చెప్పినంత మాత్రాన మనిషి కళలో పాలుపంచుకున్నట్టు కాదు. తాను చేస్తున్నది ఏమిటో అతనికి తెలియాలి, మరోలా చేసే వీలూ ఉండాలి.

మీట నొక్కితే వెలిగే దీపాలు, మనిషి కదిలితే కదిలే బొమ్మలు ఇప్పుడు చాలా మ్యూజియంలలో కనిపిస్తాయి. అవి సరదాగానే ఉంటాయి. కానీ మీట ఎవరు నొక్కినా అదే దీపం వెలుగుతుంది. నొక్కిన మనిషి వల్ల అందులో ఏమీ మారదు. భాగస్వామ్య కళ అని నిజంగా పిలవదగిన దానిలో సందర్శకుడి నిర్ణయం కృతి గతిని మారుస్తుంది, ఆ నిర్ణయానికి కొంత బాధ్యత కూడా అంటుకుని ఉంటుంది. ఈ రెండిటితో తూచినప్పుడే మంచి పిలుపుకూ మొక్కుబడి పిలుపుకూ తేడా తెలుస్తుంది.

చూసేవాడు లేకుండా కృతి పూర్తికాదని ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ డుషాంప్ 1957లో హ్యూస్టన్‌లో చేసిన ప్రసంగంలోనే వాదించాడు. అయితే ఆయన చెప్పింది మనసులో జరిగే పని గురించి. చేతికి పని చెప్పినవాళ్లు తర్వాత వచ్చారు. 1959లో న్యూయార్క్‌లో అమెరికన్ కళాకారుడు అలన్ కాప్రో తన ‘హ్యాపెనింగ్’కు, అంటే ప్రేక్షకులను కూడా కలుపుకుని జరిపే ప్రదర్శనకు, వచ్చినవాళ్లకు ఎప్పుడు ఏ గదిలో కూర్చోవాలో, ఎప్పుడు లేచి మరో గదికి మారాలో సూచనలు ఇచ్చాడు. చరిత్ర పుస్తకాల్లో ఈ ఘట్టానికే ఎక్కువ పేరు. కానీ ఆ కాలంలోనే బ్రెజిల్‌లో జరిగినది ఇంతకంటే లోతైనది.

లిజియా క్లార్క్ 1960లో అల్యూమినియం రేకులను మడతబందులతో కలిపి చిన్న శిల్పాలు చేయడం మొదలుపెట్టింది. వాటికి ‘బీషోలు’ అని పేరు పెట్టింది. పోర్చుగీసులో ఆ మాటకు జంతువు, పురుగు అని అర్థం. వాటికి ముందూ వెనకా లేదు, తలా తోకా లేదు. చేతిలోకి తీసుకుని ఒక రేకు కదిపితే మిగతావి తమకు తోచినట్టు కదులుతాయి. ఒక్కోసారి అనుకున్న వైపు మడవనివ్వకుండా మొరాయిస్తాయి కూడా. ఇది ఎన్ని రకాలుగా కదులుతుందని అడిగేవారికి, తనకు తెలియదని, అడిగినవారికీ తెలియదని, దానికి మాత్రం తెలుసని ఆమె జవాబు చెప్పేది. శిల్పి తన పెత్తనాన్ని ఇంత నిండు మనసుతో వదులుకున్న సందర్భాలు కళాచరిత్రలో అరుదు.

1963 నాటి ఆమె ప్రయోగం ఇంకా సాదాసీదాగా ఉంటుంది. పొడవాటి కాగితపు పట్టీని ఒక మెలి తిప్పి రెండు కొసలూ అంటించాలి. మధ్యలో కత్తెర గుచ్చి పొడవునా కత్తిరిస్తూ పోవాలి. చుట్టు తిరిగి మొదటి గాటు దగ్గరికి వచ్చినప్పుడు దాన్ని తప్పించుకుని కుడికి పోవాలా, ఎడమకు పోవాలా అన్నది కత్తిరించేవాళ్ల ఇష్టం. పట్టీ సన్నబడుతూ సన్నబడుతూ, ఇక కత్తెర పట్టని స్థితికి వస్తుంది. కృతి అంటే మిగిలిన కాగితం కాదు, కత్తిరించిన ఆ కాసేపే కృతి అంటుంది క్లార్క్. ఇందులో కళాకారిణి చేయి ఎక్కడా పడదు. ఆమె ఇచ్చింది ఒక పద్ధతి, ఒక ఎంపిక. కాగితం, కత్తెర, జిగురు ఉన్న ఎవరైనా దీన్ని పూర్తిగా చేయగలరు. నకలు, అసలు అన్న తేడా దీనికి లేదు.

ఆమె తోటి బ్రెజిల్ కళాకారుడు ఎలియో ఒయిటిసికా తన కృతులను ఒంటిమీద వేసుకోమన్నాడు. గుడ్డలు, ప్లాస్టిక్ పొరలు, గోనెపట్టాలతో కుట్టిన ఆ ‘పరంగోలే’లు కప్పుకుని నాట్యం చేస్తేనే వాటి రంగులు విప్పారతాయి. 1965లో రియో ఆధునిక కళా మ్యూజియంలో ఒక ప్రదర్శన ప్రారంభానికి ఆయన మంగేయిరా బస్తీకి చెందిన సాంబా నర్తకులను వెంటబెట్టుకుని వచ్చాడు. మ్యూజియం వాళ్లను లోపల ఆడనివ్వలేదు. వాళ్లు బయట ఆవరణలోనే ఆడారు. పిలుపు గురించి మాట్లాడే ప్రతిచోటా ఈ సంఘటన గుర్తుకు రావాలి. పాల్గొనమని కళాకారుడు పిలిచాడు, కానీ గుమ్మం దగ్గర నిలబడి ఎవరిని రానివ్వాలో తేల్చింది సంస్థ. ఆ తర్వాత మ్యూజియంలు అందరికీ స్వాగతం అనడం నేర్చుకున్నాయి. అయినా లోపలికి వచ్చాక ఎవరు ఇబ్బంది లేకుండా మసలగలరు, ఎవరు గోడవారగా నిలబడిపోతారు అన్న ప్రశ్న అలాగే ఉంది.

అలా చేతులకోసం, ఒళ్లకోసం పుట్టిన ఆ కృతుల్లో చాలావాటిని ఈరోజు ముట్టుకోవడానికి వీల్లేదు. క్లార్క్ అసలు బీషోలు ఇప్పుడు ఎంతో ఖరీదైనవి, మడతబందులు సున్నితమైనవి. అందుకే అవి పీఠాల మీద కదలకుండా ఉంటాయి, సందర్శకుల చేతికి నకళ్లు ఇస్తారు. 2014లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం (మోమా) ఆమె జీవితకాల కృషిని ప్రదర్శించినప్పుడు కూడా చేతికి అందింది నకళ్లే. దీన్ని ద్రోహమని కొట్టిపారేయడం తేలిక. కానీ కాపాడటం మ్యూజియం మొదటి ధర్మం. 2009లో ఒయిటిసికా కుటుంబం ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆయన కృతులు ఎన్నో కాలిపోయాయి. అలాంటి నష్టం చూశాక, ఉన్నవాటిని పదివేల చేతులకు అప్పగించమని సంరక్షకులను ఎవరు అడగగలరు? అసలును దాచి నకలును ఆడనిస్తే వస్తువు దక్కుతుంది, అనుభవమూ చాలావరకు దక్కుతుంది. దక్కనిది ఒక్కటే, ఎదుటివాళ్లు మనల్ని నమ్మి తమ విలువైనదాన్ని మన చేతుల్లో పెట్టారన్న భావం.

నమ్మకం రెండువైపులా ఎంత త్వరగా చెదరగలదో లండన్ టేట్ గ్యాలరీ 1971లో చూసింది. అమెరికన్ శిల్పి రాబర్ట్ మోరిస్ గ్యాలరీ నిండా చెక్క వాలులు, దుంగలు, తాళ్లు, దొర్లే గొట్టాలు అమర్చి, ఎక్కమన్నాడు, మోయమన్నాడు, వాటిమీద తూకం నిలుపుకుని నడవమన్నాడు. జనం ఎంత ఉత్సాహంగా ఎగబడ్డారంటే కొందరికి దెబ్బలు తగిలాయి, అమరికలు విరిగాయి. నాలుగు రోజులకే మూసేశారు. 38 ఏళ్ల తర్వాత, 2009లో, టేట్ మోడర్న్ టర్బైన్ హాలులో ఆ అమరికను మరింత భద్రమైన సామగ్రితో మళ్లీ కట్టారు, జనం మళ్లీ ఎక్కారు. ఆ మరుసటి ఏడాది అదే హాలులో చైనా కళాకారుడు ఐ వెయ్‌వెయ్ పది కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలు పరిపించాడు. చైనాలోని చింగ్‌తచన్‌లో వందలాది చేతిపనివారు ఒక్కొక్క గింజకూ చేత్తో రంగువేశారు. వాటిమీద నడవాలి, పడుకోవాలి, గుప్పెటలోకి తీసుకుని చూడాలి అన్నది ఉద్దేశం. తీరా నడిస్తే పింగాణీ ధూళి లేచింది. ఊపిరితిత్తులకు చేటని కొద్ది రోజులకే తాడు కట్టి జనాన్ని ఆపేశారు. ఆ తర్వాత నెలల తరబడి అది దూరం నుంచి చూసే బూడిదరంగు తివాచీగా ఉండిపోయింది.

ఈ రెండు ప్రదర్శనలను విఫలమని రాసేవారున్నారు. ఆ మాట ఒప్పుకోవడం కష్టం. వేలమంది ఒళ్లు ఒకచోట చేరితే ఏమి జరుగుతుందో కాగితం మీద లెక్కకట్టలేమని అవి రుజువు చేశాయి. కళాకారుడు ఊహించినట్టే జనం నడుచుకుంటే ఆ పిలుపులో నిజం లేనట్టే.

ఊహించనిది జరగడానికి తలుపు తీసినప్పుడు చీకటి కూడా లోపలికి వస్తుంది. జపాన్‌లో పుట్టిన కళాకారిణి యోకో ఓనో 1964లో క్యోటోలో వేదిక మీద మోకాళ్ల మీద కూర్చుని, ముందు కత్తెర పెట్టి, వచ్చి తన దుస్తుల్లో ఒక ముక్క కత్తిరించుకుపొమ్మంది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో తీసిన దృశ్యాల్లో కొందరు బెరుకుగా చిన్న ముక్క కత్తిరించడం, ఒక యువకుడు మాత్రం ఆమె లోదుస్తుల పట్టీలను తీరిగ్గా తెంపడం కనిపిస్తుంది. 1974లో ఇటలీలోని నేపుల్స్‌లో సెర్బియా కళాకారిణి మరీనా అబ్రమోవిచ్ బల్లమీద 72 వస్తువులు పెట్టి, ఆరు గంటల పాటు తనతో ఏమి చేసినా బాధ్యత తనదేనని ప్రకటించి నిలబడింది. గులాబీ, ఈక, తేనె, కత్తెర, ఒక పిస్తోలు, ఒక తూటా ఆ వస్తువుల్లో ఉన్నాయి. మొదట్లో పువ్వు చేతికిచ్చినవాళ్లున్నారు. గంటలు గడిచేకొద్దీ బట్టలు కత్తిరించారు, చర్మం మీద గాట్లు పెట్టారు. ఒకరు తూటా నింపిన పిస్తోలును ఆమె తలకు గురిపెట్టగా మరొకరు లాగేసుకున్నారు. గడువు ముగిసి ఆమె మామూలు మనిషిలా కదిలి ముందుకు రాగానే అక్కడున్నవాళ్లు ఆమె కళ్లలోకి చూడలేక వెళ్లిపోయారని ఆమె తర్వాత చెప్పుకుంది.

ఈ రెండు ఘటనల్లోనూ కళాకారిణి తన దేహాన్నే పణంగా పెట్టింది. కాబట్టి అడిగే హక్కు ఆమెకు ఉంది. 2000 సంవత్సరంలో డెన్మార్క్‌లోని ట్రాఫోల్ట్ మ్యూజియంలో కళాకారుడు మార్కో ఎవరిస్టి పెట్టిన పందెం వేరు. పది మిక్సీ జాడీల్లో నీళ్లు పోసి, ఒక్కో దానిలో ఒక బంగారు చేపను వదిలాడు. విద్యుత్తు ఉంది, మీట అందుబాటులోనే ఉంది. నొక్కాలా వద్దా అన్నది సందర్శకుల ఇష్టం. కొందరు నొక్కారు, చేపలు చచ్చాయి. జంతుహింస కేసులో మ్యూజియం డైరెక్టర్ చివరికి నిర్దోషిగా బయటపడ్డాడు. చట్టం ఆయనను వదిలేసినా నైతికంగా ఈ ప్రయోగాన్ని సమర్థించడం కుదరదు. మనిషిలో క్రూరత్వం ఉందని చూపడానికి, ఆ పందెంలో ఏ పాత్రా కోరుకోని ప్రాణాన్ని జాడీలో వేయడం పిలుపు ఎలా అవుతుంది? పాల్గొనేవాడి స్వేచ్ఛకు మూల్యం అక్కడ నోరులేని మూడో ప్రాణి చెల్లించింది.

రాజకీయ ప్రశ్నను సందర్శకుల చేతికిచ్చినవారిలో జర్మన్ కళాకారుడు హాన్స్ హాకే పని ఇప్పటికీ అంతే పదునుగా ఉంది. 1970లో మోమాలో రెండు పారదర్శకమైన పెట్టెలు పెట్టి, పైన ఒక ప్రశ్న రాశాడు. అధ్యక్షుడు నిక్సన్ ఇండోచైనా విధానాన్ని (అంటే వియత్నాం యుద్ధ విధానాన్ని) న్యూయార్క్ గవర్నర్ రాక్‌ఫెల్లర్ ఖండించకపోవడం నవంబరులో ఆయనకు ఓటు వేయకపోవడానికి కారణమవుతుందా అన్నది ప్రశ్న. ఆ గవర్నర్ కుటుంబం ఆ మ్యూజియం స్థాపనలో ఉంది. ఆయన స్వయంగా దాని పాలకమండలి సభ్యుడు. పెట్టెలు పారదర్శకం కావడంతో కాగితాలు ఎటువైపు పెరుగుతున్నాయో రోజూ అందరికీ కనబడేది. చివరికి అవునన్నవి 25,566, కాదన్నవి 11,563. రాక్‌ఫెల్లర్ ఆ ఎన్నికల్లో గెలిచాడు. అయినా ఒక కాగితం ముక్క వేయడమనే చిన్న పనితో, తాము నిలబడిన భవనం ఎవరి డబ్బుతో నడుస్తుందో ఆలోచించక తప్పని స్థితికి ముప్పై ఏడు వేల మందిని తేవడం సామాన్యమైన పని కాదు.

1990ల తర్వాత ఈ దారి మెత్తబడింది. థాయ్ కళాకారుడు రిర్‌క్రిత్ తిరవనీజ 1992లో న్యూయార్క్‌లోని ఒక గ్యాలరీలో థాయ్ కూర వండి వచ్చినవారికి ఉచితంగా వడ్డించాడు. తినడం, కూర్చోవడం, మాట్లాడుకోవడమే కృతి. కళాప్రదర్శనలను రూపొందించే ఫ్రెంచి క్యూరేటర్ నికొలా బూరియో ఇలాంటివాటిలో మనుషుల మధ్య సంబంధాలే కళకు ముడిసరుకని సిద్ధాంతీకరించాడు. దానికి కళాచరిత్రకారిణి క్లేర్ బిషప్ 2004లో గట్టి జవాబిచ్చింది. ఆ భోజనాల్లో కలిసినవాళ్లలో ఎక్కువమంది అప్పటికే కళాలోకంలో ఉన్నవాళ్లు. ఒకరికొకరు నచ్చే మనుషులు కలిసి భోంచేస్తే దాన్ని ప్రజాస్వామ్యం అనలేమని, విభేదానికి చోటున్నప్పుడే ఆ మాటకు అర్థమని ఆమె వాదన. బిషప్ చెప్పిన దానిలో ఎక్కువ భాగం సబబే. ఒక్క సవరణ మాత్రం చేయాలి. విభేదం లేనిచోట లోతు ఉండదనుకోవడం పొరపాటు. తైవాన్‌లో పుట్టిన కళాకారుడు లీ మింగ్‌వెయ్ 2009లో మొదలుపెట్టిన రఫ్ఫు పనిలో ఆ లోతు ఉంది. సందర్శకులు చిరిగిన బట్ట తెస్తారు. బల్లకు ఆవలి వైపు కూర్చున్న మనిషి దాన్ని కుడుతూ మాట్లాడతాడు. చిరుగు కనబడకుండా దాచడు, కొట్టొచ్చినట్టు కనబడే రంగుదారంతోనే కుడతాడు. కుట్టిన బట్టను దారం తెంపకుండా, గోడమీది దారపు ఉండకు కలిపే ఉంచుతారు. ప్రదర్శన ముగిసేవరకు అది అక్కడే ఉంటుంది. ముక్కూమొహం తెలియని మనిషికి తన చిరిగిన బట్టను అప్పగించి, అది చిరిగిన కథ చెప్పడానికి కొంత ధైర్యం కావాలి. పిలుపు మెత్తగానే ఉంది, కానీ తేలికైనది కాదు.

పాల్గొనడాన్ని గొప్పచేసే ఉత్సాహంలో, పాల్గొననివారి సంగతి చాలాసార్లు మరుగున పడుతుంది. అందరి ముందూ చేయి ఎత్తలేని బిడియస్థులున్నారు. నిచ్చెన ఎక్కలేనివారు, వాలు మీద చక్రాల కుర్చీ నడపలేనివారు ఉన్నారు. తెలియని మనిషి స్పర్శంటే భయపడటానికి తమవైన కారణాలున్నవారూ ఉన్నారు. దూరంగా నిలబడి చూడటం ఒక లోపమన్నట్టు తయారైన ప్రదర్శనలు వీళ్లను రెండోసారి బయటకు నెడతాయి. 2010లో అబ్రమోవిచ్ మోమాలో కుర్చీలో కూర్చుని, ఎదురుగా కూర్చున్న ఒక్కొక్కరి కళ్లలోకి మాట్లాడకుండా చూసినప్పుడు దాదాపు 1,500 మంది ఆ కుర్చీలో కూర్చున్నారు. చుట్టూ నిలబడి చూసినవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లు కూడా ఆ నిశ్శబ్దంలో భాగమే. చూడటానికి కూడా గౌరవమైన చోటు ఇచ్చిన కృతిలోనే పాల్గొనడానికి నిజమైన అర్థం ఉంటుంది, ఎందుకంటే అక్కడ ముందుకు రావడం ఎంపిక అవుతుంది.

ఇక మిగిలేది వ్యాపారం సంగతి. జపాన్ కళాకారిణి యయోయి కుసామా 2002లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో పిల్లలకోసం తెల్లటి గది ఒకటి ఏర్పాటు చేసింది. సామాను సహా అంతా తెలుపు. పిల్లల చేతికి రంగు చుక్కల స్టిక్కర్లు ఇచ్చి ఎక్కడైనా అంటించమన్నారు. వారాలు గడిచేసరికి తెలుపు మాయమైంది. ఆ గది తర్వాత ఎన్నో దేశాలు తిరిగింది. అది ఫొటోలకు ఎంత అందంగా కుదిరిందంటే, అలాంటి గదులు కట్టి టికెట్టు అమ్మడమే పనిగా కొత్త వ్యాపారాలు వెలిశాయి. కుసామా గదిలో ఒక పిల్ల అంటించిన చుక్క ఎదుటి పిల్ల చుక్కకు జవాబవుతుంది. ఒక్కొక్కరి చుక్కా మరుగునపడి ఉమ్మడి చిత్రంగా మారుతుంది. వ్యాపార గదుల్లో అమరిక ముందే పూర్తయి ఉంటుంది, వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి ఫొటో దిగాలి. వాళ్లు పోయాక గదిలో ఏమీ మారదు.

సందర్శకులు పాల్గొనే కృతులను మ్యూజియం కొన్నప్పుడు దానికి దక్కేది చాలావరకు సూచనల పత్రమే. ఎన్ని కిలోలు పోయాలి, ఏ రంగు దారం వాడాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి అన్నవి అందులో ఉంటాయి. పాల్గొన్న మనుషులు అందులో ఉండరు. స్లొవేకియా కళాకారుడు రోమన్ ఒండాక్ 2007లో రూపొందించిన కృతి ఖాళీ తెల్ల గోడలతో మొదలవుతుంది. మామూలుగా దూరంగా నిలబడమని చెప్పే మ్యూజియం సిబ్బందే ఇక్కడ సందర్శకులను గోడకు ఆనుకుని నిలబడమంటారు. తల మీదుగా నల్ల గీత గీసి, పక్కన పేరు, తేదీ రాస్తారు. ఇంట్లో పిల్లల ఎత్తు గుర్తుపెట్టినట్టే. మొదటి రోజుల్లో ప్రతి పేరూ విడిగా చదవగలిగేలా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ సగటు ఎత్తు దగ్గర పేర్లమీద పేర్లు పడి దట్టమైన నల్లని పట్టీ గోడంతా పరుచుకుంటుంది. మొదట వచ్చినవాళ్ల పేర్లు ఆ నలుపులో కలిసిపోతాయి. బాగా పైన, బాగా కింద మాత్రం కొన్ని పేర్లు విడిగా మిగులుతాయి, మనుషుల్లోకెల్లా పొడుగైనవాళ్లవి, పెద్దల చేయి పట్టుకుని వచ్చిన పసిపిల్లలవి. ప్రదర్శన గడువు ముగిశాక గోడలకు మళ్లీ తెల్లరంగు వేస్తారు.